గట్టు పక్కన లేచిన టెంకాయ

వెంకటప్ప అరచేతిలో పడుకోబెట్టిన టెంకాయ నిటారుగా లేచి నిలబడింది. అంటే కింద నీళ్లున్నాయి.

నేల స్నేహితుడు మునిరాజుది. అతని బోరు ఎండి వారమైంది, టమోటా తోట వాడిపోతోంది. కొత్త బోరుకు చోటు చూపించమని వెంకటప్పను పిలిచి, మామిడి పూత రాలిపోయిందనీ హోసూరు బస్సు టైము మారిందనీ కబుర్లు చెబుతూ పొద్దుటి నుంచి వెనకాలే నడుస్తున్నాడు.

కానీ కాయ లేచింది గట్టు పక్కన. గట్టుకు అవతల పది అడుగుల్లో వెంకటప్ప సొంత బోరుంది. ఇంత దగ్గర ఇంకొకటి పడితే తనది ఎండిపోతుంది.

వెంకటప్ప బొటనవేలితో కాయను అణిచేశాడు.

"ఈడా లేదప్పా."

మునిరాజు పంపుసెట్టు గది నీడలో కూర్చున్నాక మజ్జిగ చెంబు అందించాడు.

"టమోటా పీకేస్తానప్పా. సోమవారం నుంచి మూకండపల్లిలో కంపెనీ పనికి పోతాను."

వెంకటప్ప మజ్జిగ చెంబు కింద పెట్టేశాడు. "ఇంకోసారి చూద్దామా?"

"వద్దు. గట్టు కాడ కాయ లేసింది నేనూ చూసినాను. యాడ చెప్పేస్తావో అని భయపడినాను. చెప్పింటే, నీ బోరు ఎండిపోతాదని తెలిసీ ఆడే వేయించుంటాను."