పురుగుల పథ్యం

స్టీల్ ప్లాంటులో రిటైరై, పద్మనాభంలో వాలుగ చేపపిల్లల్ని పెంచుతున్న గురునాథరావు, పెళ్ళాం మోకాళ్ళ నొప్పులకని కూతురు కొన్న చేపనూనె మాత్రల్ని కోసి, గుడ్డుసొనలో గిలకొట్టి నీటిపురుగుల బకెట్లో పోస్తున్నాడు. వెనకనుంచి కాశమ్మ రానే వచ్చింది.

“నా మాత్రలు పురుగులకి పెడతన్నావేటి బావా?”

“పురుగులకి కాదే. మొన్న ఉత్త పురుగులు తిని పిల్లలన్నీ సచ్చిపోనాయి గదా. ఇప్పుడీ నూనెని పురుగులు తింటాయి, పురుగుల్ని పిల్లలు తింటాయి. బలమంతా పిల్లలకే.”

“మరి పురుక్కేటి మిగుల్తాది?”

“దాంతో మనకేటి పని? అది గిన్నె లాంటిది.” తన తెలివికి తనే మురిసిపోయాడు గురునాథరావు.

కాశమ్మ బకెట్లోకి తొంగిచూసింది.

“జ్యోతి పుట్టినప్పుడు మీయమ్మ నాకు రోజూ పాలసొర సేపల పులుసు పెట్టినాది. కోడలంటే ఎంత పేణమో అని ముప్పయ్యేళ్ళు ఊరంతా సెప్పుకున్నాను. జ్యోతి పాలు మానేసిన రోజే పులుసూ ఆగిపోనాది. ఎందుకో ఇప్పుడు తెలిసింది.”

గురునాథరావు ఆఖరి మాత్ర మీద బ్లేడు పెట్టబోయాడు.

కాశమ్మ దాన్ని లాక్కుని, మంచినీళ్ళయినా లేకుండా మింగేసింది.

“ఇది గిన్నెకి.”