చేపల బేసిన్

వ్యాన్ కొనొంగో ఊరు దాటగానే కండక్టరు ముక్కు ఎగబీల్చాడు.

"ఎవరి దగ్గరో ఏదో కుళ్ళింది" అన్నాడు వెనక్కి తిరిగి.

డుఫియె చప్పున తల వంచుకుంది. పక్కన కూర్చున్న తల్లి న్యార్కో, పొట్ట మీది గుడ్డను రెండు చేతులా నొక్కి పట్టుకుంది.

ఆరు వారాల కిందట న్యార్కోకు పేగు క్యాన్సరు ఆపరేషన్ జరిగింది. మలం పోవడానికి పొట్టకు పక్కగా దారి పెట్టి, దానికో సంచి తగిలించారు. అరవై తొమ్మిదేళ్ళ మనిషి. ఇంటికొచ్చాక మళ్ళీ గుమ్మం దాటలేదు, చర్చికి కూడా.

ఇవాళ కుమాసీ ఆసుపత్రిలో మొదటి మందు ఎక్కించుకోవాలి. అది మానేస్తే రోగం తిరగబెడుతుందని డాక్టరు గట్టిగానే చెప్పాడు.

"ఒక్కరు ముక్కు మూసుకున్నా దిగిపోతాను. మళ్ళీ ఆసుపత్రి మాట ఎత్తకు" అని షరతు పెట్టి మరీ వ్యాన్ ఎక్కింది.

కండక్టరు వంగి ఒక్కో వరుసా వాసన చూస్తున్నాడు. చచ్చిన ఎలుక అన్నాడు ముందు సీటాయన. డ్రైవరు బూట్లు విప్పాడేమో చూడమంది ఇంకొకావిడ.

"నేనేనా?" తల్లి చెవిలో గొణిగింది.

"కాదమ్మా."

అబద్ధం. సంచి అంచు తడి డుఫియె మోచేతికి తగులుతూనే ఉంది.

కండక్టరు వీళ్ళ వరుస దాకా వచ్చాడు.

"ఎందుకురా అబ్బాయ్ ఆ వెతుకులాట?" వెనక సీట్లోంచి ఒక లావుపాటి ముసలావిడ అంది. ఆవిడ ఒళ్ళో గుడ్డ కట్టిన బేసిన్ ఉంది. "నాదే. ఇందులో మొమొని ఉంది."

మొమొని అంటే మగ్గబెట్టిన ఉప్పుచేప. కూరలో పడితే లొట్టలేసేవాళ్ళే, పక్క సీట్లోకొస్తే ఊరుకోరు. అందరూ ఆవిడ మీద విరుచుకుపడ్డారు. ఆవిడా తక్కువది కాదు. తినేటప్పుడు లేని ముక్కు ఇప్పుడెక్కణ్ణుంచి మొలిచిందని ఎదురు తిట్టింది.

కండక్టరు మెత్తబడ్డాడు. పెద్ద మనిషి, పైగా వానమబ్బు, కుమాసీ ఇంకెంత దూరం, సర్దుకోండన్నాడు.

డుఫియెకు మళ్ళీ భయం పట్టుకుంది. ఆ నింద ముసలావిడకే అతుక్కుపోవాలి.

"మా అమ్మ ఆపరేషనయిన మనిషి, అన్నా. ఈ కంపు తట్టుకోలేదు. ఆవిణ్ణి దించెయ్యి."

ముసలావిడ డుఫియె వంక ఒక్క క్షణం చూసింది. వ్యాన్ ఆపించింది. బేసిన్ ఎత్తుకుని దిగింది.

"నేను దిగినా కంపు ఇంకో గంట పోదు" అంది కిందనుంచి. "కిటికీలు తెరుచుకుని, నన్ను తిట్టుకుంటూ పొండి."

వ్యానంతా నవ్వింది. న్యార్కో కూడా నవ్వింది, ఆరు వారాల్లో మొదటిసారి.

"సిగ్గులేని మనిషి. నేనేనేమో అని చచ్చాను" అంటూ సీటుకు జారబడింది.

వ్యాన్ కదిలింది. డుఫియె కిటికీలోంచి వెనక్కి చూసింది.

రోడ్డు పక్క ముసలావిడ బేసిన్ దించి, వచ్చే పోయే బళ్ళకు కనబడేలా గుడ్డ విప్పి పెట్టింది. నిండా పొద్దుటే కాల్చిన రొట్టెలు, ఒక్క చేప లేదు.