మూడు గంటల గడి

సైకిల్ హ్యాండిల్ పొట్టలో గుచ్చుకుని పాపకి ప్లీహం చీలింది. కోత అక్కర్లేదు, కదలనివ్వకండి, గంటగంటకూ నాడి, పొట్ట చుట్టుకొలత చూసి రాయండి, తేడా వస్తే వెంటనే పిలవండి అన్నారు డాక్టరు.

రాత్రంతా ఆ చాకిరీ నాది. మెచ్చుకోళ్లు మాత్రం పగటి సిస్టరువి. ఆవిడ చెయ్యి వెన్నట. నాది గరుకట.

రెండింటికి నాడి తొంభై ఆరు. రాద్దామని చార్టు తీస్తే, మూడు గంటల గడి అప్పటికే నిండి ఉంది, ఆవిడ గుండ్రటి అక్షరాలతో. నాడి నూట నలభై. పొట్ట రెండంగుళాలు పెరిగింది.

నాకు నవ్వొచ్చింది. పగలు మూడింటి లెక్క రాత్రి గడిలో రాసేసింది మహాతల్లి. పైగా కాకిలెక్క. పొద్దున్నే డాక్టరుకి చూపిద్దామని చార్టు సొరుగులో దాచాను.

"పగటక్క ఇప్పుడే వచ్చి చూసెళ్లింది" అంది పాప.

"ఆవిడ ఎనిమిదింటికే ఇంటికెళ్లింది. పడుకో."

కలల్లోకి కూడా ఆవిడే కావాలి.

వార్డులో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. మూడింటికి పాప మణికట్టు పట్టుకున్నాను. చల్లగా, చెమటగా ఉంది. లెక్కపెట్టాను. నమ్మలేక మళ్లీ లెక్కపెట్టాను.

నూట నలభై.

డాక్టరుకి ఫోను చేశాను, మోగుతూనే ఉంది. రెండో చేత్తో సొరుగులోంచి చార్టు లాగాను. ఇందాక చూడలేదు. నాలుగు గంటల గడిలో అంకెలు లేవు. గుండ్రటి అక్షరాలే ఉన్నాయి.

"రాత్రి సిస్టరుకి రెండింటికే తెలియజేశాను."