రెండో అమ్మాయి

కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో, అద్దాల అంచులు అరగదీసే అమ్మాయి వెక్కి వెక్కి ఏడుస్తోంది.

ఊడిపోయిన ఫ్రేము చేత్తో పట్టుకుని కౌంటరు దగ్గర నిలబడ్డ ఒకావిడ తొంగి చూసింది. గోడకు ఆనించిన ఫోనులో జపాన్ బొమ్మల సీరియల్ నడుస్తోంది. అదే, ఈ కాలం పిల్లలు యానిమే అంటారు. అందులో ఓ బొమ్మ పిల్ల రైలు వెంట పరుగెడుతోంది.

"చివరి ఎపిసోడా?" అంది ఆవిడ.

"దాని ముందుది," అంది అమ్మాయి ముక్కు తుడుచుకుంటూ.

"అయితే రుమాలు చాలదు తల్లీ. తువ్వాలు తెచ్చుకో."

ఏడుస్తున్నది కాస్తా ఫక్కున నవ్వేసింది.

చెప్పొద్దూ, ఆ పిల్ల నవ్వగా ఎవరైనా చూసి ఏడాది అయింది. పెళ్ళి కుదిరి, అందరికీ చెప్పుకున్నాక, పెళ్ళికొడుకు మొహం చాటేశాడు. ఇంతకన్నా మంచి సంబంధం వచ్చిందని వాళ్ళమ్మ ఫోనులో చెప్పి పెట్టేసింది. అప్పట్నుంచి వాళ్ళ ఊసెత్తితే చాలు, ఈ పిల్ల ఇల్లు పీకి పందిరేసేది. అందుకని వాళ్ళు ఏమయ్యారో ఎవరూ ఆరా తీయలేదు.

ఆవిడ మళ్ళీ వచ్చింది. మధ్యాహ్నం ఆఫీసు విరామంలో వచ్చేది. ఒకసారి మర వదులైందని, ఒకసారి ముక్కు మీద ఒత్తుకుంటోందని.

"అక్కా, నీ జోడుకేం రోగం లేదు. నీకే ఏదో ఉంది," అనేది అమ్మాయి.

"కథల రోగం. ఇవాళ నీకు ఎలాంటిది కావాలి? బాగా ఏడవాలా, ఏడ్చి తేరుకోవాలా?"

"కొంచెం తీపి, కొంచెం చేదు."

"అయితే గొడుగులు బాగుచేసే అబ్బాయిది చూడు."

"చివర్లో కలుస్తారా?"

"కలవరు. కానీ ఆ కలవకపోవడం ఎంత బావుంటుందో!"

అమ్మాయి ఆవిడకి 'ఏడుపుల డాక్టరమ్మ' అని పేరు పెట్టింది. ఇద్దరూ ఒకే డబ్బాలో అన్నం తినేవాళ్ళు. ఎవరికీ చెప్పుకోని పెళ్ళి సంగతంతా ఆ డాక్టరమ్మకి పూసగుచ్చినట్టు చెప్పుకుంది. ఆవిడ తల వంచుకుని విన్నది. ఒక్క ప్రశ్న వేయలేదు.

ఒక్క విషయంలోనే ఇద్దరికీ పడేది కాదు. డాక్టరమ్మ చూడమన్న ప్రతి కథలోనూ ఒక రెండో అమ్మాయి ఉండేది. అబ్బాయి మొదటి పిల్లని వదిలి, ఆ పిల్ల వైపు వెళ్ళేవాడు.

"దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది," అనేది అమ్మాయి.

"పాపం, తనకేం తెలుసే? వాడు చెప్పాడా ఏంటి?"

"తెలియకపోతే కనుక్కోవాలి. నువ్వెప్పుడూ దాని పక్షమేనా?"

"దాని పక్షాన కూడా ఒకరుండాలి కదా," అని నవ్వేసేది ఆవిడ.

షాపు ఆ అమ్మాయి పిన్నిది. ఓ రోజు పిన్ని భోజనానికి ఇంటికి వెళ్ళి, తాళాలు మర్చిపోయానని మధ్యలోనే తిరిగొచ్చింది. డాక్టరమ్మని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదేంటే, ఈవిడ ఇక్కడ?"

"మా అక్క, పిన్నీ. చెప్పాను కదా!"

"అక్కా? అక్కేంటే నీ బొంద! నీ పెళ్ళి చెడిన నెలకే వాడి పక్కన ఉంగరం తొడిగించుకున్నది ఈవిడే. ఆ ఫోటో నా కళ్ళతో నేను చూశాను."

అమ్మాయి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"అక్కా, కాదని చెప్పు."

ఆవిడ చేతిలో ముద్ద డబ్బాలో పెట్టేసింది. "ఆ ఫోటోలో ఉన్నది నేనే. కానీ ఒక్క మాట విను..."

"ఏం వినమంటావు? నా నోటితో నా కథంతా చెప్పించుకున్నావు. ఎదురుగా కూర్చుని, ఏమీ తెలియనట్టు నా డబ్బాలో తిన్నావు."

"చెబుదామనే వచ్చానే మొదటిరోజు. నువ్వు నవ్వావు. ఇంక నోరు రాలేదు."

"అందుకని బొమ్మలతో రాయబారం పంపావా? రెండో అమ్మాయిని క్షమించమని ఇన్నాళ్ళూ కథలు చూపించావా? వాడు వదిలేస్తే ఏడ్చాను. నువ్వు చేసినదానికి ఏడుపు కూడా రావట్లేదు. వెళ్ళు!"

ఆవిడ లేచింది. చెయ్యి కడుక్కోకుండానే మెట్లు దిగింది.

అమ్మాయి ఆ నంబరు తుడిచేసింది. సగం చూసిన కథ సగంలోనే వదిలేసింది. అద్దాలు అరగదీస్తూ కూర్చుంది. పలకరిస్తే మిషను చప్పుడే జవాబు.

కొన్నాళ్ళకి ఆవిడ ఆఫీసులో పనిచేసే ఒకాయన కళ్ళజోడుకి వచ్చి, మాటల్లో అన్నాడు. ఆవిడ సముద్రం అవతలి కొలువు అడిగి వేయించుకుందట, వెళ్ళిపోయిందట. ఎక్కడుందో ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదట.

"పీడ విరగడైంది," అంది పిన్ని.

అమ్మాయి మరో అద్దం తీసి మిషనుకి ఆనించింది.

ఆ వారమే, ఎవరూ ఊహించని మనిషి షాపు మెట్లెక్కింది. ఆ పెళ్ళికొడుకు తల్లి.

"బాగా చిక్కిపోయావమ్మా," అంటూ స్టూలు లాక్కుని కూర్చుంది. "జరిగిందేదో జరిగింది. మావాడు నీ పేరే తలుస్తున్నాడు. నువ్వు ఊఁ అంటే..."

"ఇంట్లో కోడల్ని పెట్టుకుని ఈ మాట అడగడానికి మీకు సిగ్గుగా లేదూ?" అంది అమ్మాయి.

"కోడలెక్కడిదమ్మా?" ముసలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "రేపు పెళ్ళనగా నీ సంగతి ఎవరో దాని చెవిన వేశారు. అంతే, అందరిముందూ ఉంగరం తీసి మావాడి చేతిలో పెట్టేసి, 'ఒక పిల్లని ఏడిపించి వచ్చినవాడు నాకొద్దు, ఆ పిల్ల ఎక్కడుందో చెప్పండి చాలు' అని చక్కా పోయింది ఆ మహాతల్లి!"