అప్పన్న నవ్వు

పేరుమోసిన ఆ డైరెక్టరు తొలి సినిమా ఆడలేదు, ఎవరికీ గుర్తూ లేదు. వరహాలమ్మకు మాత్రం అదే కావాలి. చనిపోయిన ఆమె భర్త అప్పన్న అందులో ఒక్క సీనులో టీ పోస్తూ నవ్వుతాడు.

ఇంట్లో తెరగా మారే గోడ, అడగ్గానే ఆ సినిమా వేసింది. అప్పన్న నవ్వాడు. ఆ సినిమాకు ముందే విరిగిపోయిన ముందు పన్ను ముత్యంలా మెరిసింది.

"ఆ పన్నెవడు పెట్టాడే?"

"పాత సినిమాలన్నీ గోడే బాగుచేసేస్తాదమ్మా," అంది కూతురు పైడమ్మ.

"ఎవడడిగాడు? ఫొటో అంటే చాలు, సిగ్గుతో నోరు మూసేసేవోడు. ఆ నవ్వు ఇంకెక్కడుందే? ఆపు!"

బొమ్మ ఆగింది. వరహాలమ్మ కూతురి కాటుకలో వేలు ముంచి, ఆ పన్ను కనిపించకుండా గట్టిగా రుద్దింది.

"మరక తుడిచేశాం," అంది గోడ మర్యాదగా.

"నా మొగుణ్ణి దిద్దడానికి నువ్వెవడివిరా?" అంటూ ఆమె మళ్లీ కాటుకలో వేలు ముంచింది.