పక్క సీటావిడ

ఆ శనివారం మ్యాచ్‌కి రానంటే రానంది లైల్ భార్య నోరీన్.

"నీ పక్కన కూర్చుంటే ఆట కనబడదు, నీ అరుపులే వినబడతాయి," అనేసి వంటగదిలోకి వెళ్ళిపోయింది.

లైల్ ప్రూయిట్‌కి ఒళ్ళు మండింది. హార్లన్ స్టేట్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు వరసబెట్టి ఓడిపోతుంటే మనిషన్నవాడు అరవకుండా ఎలా ఉంటాడు? టైర్ల షాపు నడుపుకునే తనకు తెలిసినపాటి ఆట ఆ కోచ్‌కి తెలియదా? ప్రతివారం రేడియోలో ఆటల కార్యక్రమానికి ఫోన్ చేసి కోచ్‌ని ఉతికి ఆరేస్తాడు. ఊళ్ళో అందరికీ అతను టైర్ల లైల్.

పార్కింగ్ నిండా, ఆటకొచ్చినవాళ్ళు కాల్చుకుంటున్న మాంసం పొగ. స్టేడియం గేటు దగ్గర ఓ పెద్దావిడ ఒక వేలు పైకెత్తి నిలబడి ఉంది. ఒక్క టికెట్టు కావాలని అర్థం.

నోరీన్ టికెట్టు ఆవిడ చేతిలో పెట్టాడు లైల్. ఆవిడ పర్సు తీయబోయింది.

"ఈ జట్టు ఆట చూసినందుకు నేనే మీకు ఎదురివ్వాలమ్మా," అన్నాడు.

ఆవిడ నవ్వింది.

ఆట మొదలయిందో లేదో వాన అందుకుంది. లైల్ తన మెరూన్ రంగు వానకోటు విప్పి ఆవిడ భుజాల చుట్టూ కప్పాడు. దాని వీపు మీద తెల్లటి అక్షరాలతో షాపు పేరుంటుంది.

"వద్దు బాబూ, తడిసిపోతావు."

"నా కడుపుమంటకి ఈ వాన ఏ మూలకమ్మా," అన్నాడు.

ఆ తర్వాత అతని నోరు ఆగలేదు. కోచ్‌కి ఎత్తుగడ తెలియదన్నాడు. పోనీ మంచి కుర్రాళ్ళనైనా పట్టుకొస్తాడా అంటే అదీ లేదు, మన దగ్గర పుట్టి పెరిగిన పిల్లల్ని రిడ్జ్‌మాంట్ కాలేజీ వాళ్ళు ఎగరేసుకుపోతున్నారన్నాడు. ఇంక మిగిలిన ఆశల్లా హైస్కూల్లో చదువుతున్న టేవియన్ మోస్బీ మీదే. బంతి విసరడంలో అంతటివాడు ఈ చుట్టుపక్కల పుట్టలేదు. క్వార్టర్‌బ్యాక్‌గా వాడొచ్చి ఆట నడిపిస్తే హార్లన్ రాత మారిపోతుంది. ఏ కాలేజీయో వాడింకా తేల్చలేదు.

"ఆ అబ్బాయి వస్తే బాగా చూసుకుంటారా?" అని అడిగిందావిడ.

"నెత్తిన పెట్టుకుంటాం."

"మరి ఇప్పుడు ఆ చోట ఆడుతున్న అబ్బాయిని?"

"వాడొచ్చినప్పుడు వాణ్ణీ నెత్తినే పెట్టుకున్నాం," అన్నాడు లైల్, మైదానం మీంచి చూపు తిప్పకుండా.

సరిగ్గా అప్పుడే ఆ కుర్రాడు విసిరిన బంతి తిన్నగా అవతలి జట్టువాడి చేతుల్లో పడింది.

లైల్ సీటెక్కి నిలబడ్డాడు. "పోరా, ఇంటికి పోయి మీ అమ్మ ఒళ్ళో కూర్చో," అని గొంతు చిరిగేలా అరిచాడు. స్టేడియమంతా హేళనగా ఊళలేసింది. కుర్రాడు హెల్మెట్ తీసి, బెంచీ చివర కూలబడి, తల మీద తువ్వాలు కప్పుకున్నాడు. వాడి దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు.

పక్కన పెద్దావిడ రెండు చేతులూ గట్టిగా నొక్కిపట్టుకుని ఉంది.

లైల్ అది చూశాడు. చిన్నగా కిందికి దిగాడు.

"మీవాడా అమ్మా?"

"కాదు బాబూ. ఆ అబ్బాయెవరో నాకు తెలియదు."

హమ్మయ్య అనుకున్నాడు. మళ్ళీ సీటెక్కాడు.

ఆట ఇంకా మిగిలుండగానే ఆవిడ లేచింది. కోటు విప్పబోతుంటే, వాన తగ్గలేదు, ఉంచుకోండని చెయ్యి ఊపాడు. ఆవిడ అతని మోచేతి మీద చెయ్యి వేసింది.

"నువ్వు మంచివాడివే బాబూ," అని మెట్లు దిగింది.

లైల్ వినిపించుకోలేదు. మైదానంలో మరో బంతి జారిపోయింది.

*

డిసెంబరులో ఓ పొద్దున టైర్ల షాపులో పని ఆగిపోయింది. లైల్, పనివాళ్ళు, టైరు మార్పించుకోడానికొచ్చిన వాళ్ళు, అందరూ టీవీ ముందే.

హైస్కూల్లో బల్ల మీద కాలేజీల టోపీలు వరసగా పెట్టి ఉన్నాయి. టేవియన్ మోస్బీ ఏ టోపీ పెట్టుకుంటే ఆ కాలేజీకి వెళ్తున్నట్టు. వాడి చెయ్యి హార్లన్ మెరూన్ టోపీ మీద కాసేపు ఆగింది.

చెయ్యి పక్కకి జరిగింది. వాడు రిడ్జ్‌మాంట్ టోపీ తీసి పెట్టుకున్నాడు.

"ఒక్క పిల్లాణ్ణి ఒప్పించలేని దద్దమ్మ," అని కోచ్‌ని తిట్టుకుంటూ లైల్ వెంటనే రేడియోకి ఫోన్ చేశాడు. కాసేపు ఆగమన్నారు. కాలు కాలిన పిల్లిలా షాపంతా తిరుగుతున్నాడు.

టీవీలో విలేకరి అడిగాడు, చిన్నప్పట్నించీ హార్లన్ అంటే ప్రాణం కదా, మరి ఎందుకు కాదనుకున్నావని.

"హార్లన్ కోచ్ చాలా మంచాయన," అన్నాడు టేవియన్. "మనసులో ఇప్పటికీ అదే ఉంది. కానీ నన్ను పెంచింది మా అమ్మమ్మ. హార్లన్ వాళ్ళు పిలిచి చూపించేవన్నీ చూశాం, చూపించనిది కూడా చూడాలని ఒక్కతే వెళ్ళి, జనం మధ్య కూర్చుని మ్యాచ్ చూసొచ్చింది. గెలిచినన్నాళ్ళూ నిన్ను కళ్ళకద్దుకుంటార్రా, ఓడిన రోజు నీ పక్కన ఎవరుంటారో అని భయమేసింది, అంది."

ఫోన్‌లో రేడియో మనిషి గొంతు హుషారుగా పలికింది. "టైర్ల లైల్ లైన్లోకొచ్చాడు. చెప్పు లైల్, ఈసారి తప్పెవరిది?"

లైల్ టీవీ వైపే చూస్తున్నాడు. టీవీలో మనవడు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి పక్కన కూర్చోబెట్టుకున్న పెద్దావిడ ఒళ్ళో, ఉతికి జాగ్రత్తగా మడత పెట్టిన మెరూన్ వానకోటు మీద, తన షాపు పేరు తెల్లగా కనిపిస్తోంది.