శుభ్రత తెలిసిన హెడ్మాస్టరు

వెల్దుర్తి పక్కన మా ఊరి బడికి నేను హెడ్మాస్టర్ని. ఏడాదికి రెండుసార్లు పిల్లలందరి చేతా నులిపురుగుల మాత్ర దగ్గరుండి నమిలిస్తాను. నేను మాత్రం ఇంతవరకూ ఒక్కటీ వేసుకోలేదు. శుభ్రత తెలిసినవాడికి మాత్రెందుకు?

అందుకే మూడో తరగతి ఫరా వాళ్లమ్మ అబిదా ఆస్పత్రి చీటీ పట్టుకుని వచ్చేసరికి నాకు ఒళ్లు మండింది.

“మళ్లీ కొంకిపురుగులేనంట సారూ. పిల్లకి రక్తం చానా తక్కువుందంట.”

“మాత్ర నా కళ్ల ముందే నమిలింది. మీ ఇంట్లో శుభ్రత లేకపోతే నేనేం చెయ్యను? ఆ పురుగు మట్టిలోంచి అరికాళ్లలోకి ఎక్కుద్దమ్మా. పిల్లకి ఓ జత చెప్పులు కొనలేవా ఏంది?”

అబిదా కోప్పడలేదు. గేటు వైపు చెయ్యి చూపించింది.

“కొన్నా సారూ. అయిగో, ఆ ఎర్రవి.”

గేటు దగ్గర అరవై జతల చెప్పులు స్కేలు పెట్టి గీసినట్టు వరసగా ఉన్నాయి. బడి నేల మురికి కాకూడదని ఆ రూలు పెట్టింది నేనే. పొద్దున విప్పితే సాయంత్రం దాకా ముట్టుకోకూడదు. ఆ వరస ఫొటోకే మండలంలో శుభ్రత బహుమతి కూడా కొట్టేశాను.

ఇంతలో ఇంటర్వెల్ బెల్లు మోగింది. మా మరుగుదొడ్లకు నీళ్లు రావు. పిల్లలంతా ఉత్త కాళ్లతో ఒంటేలుకని బడి వెనక కంపచెట్లలోకి పరిగెత్తారు. ఊళ్లో సగంమంది పొద్దున్నే చెంబు పట్టుకుని వెళ్లేదీ అక్కడికే.

అబిదా తల దించుకుందనుకున్నాను.

కాదు, నా బూట్లు చూస్తోంది.